పాతర నోటి మీద కూర్చున్న మనిషి

ఆమెను మట్టి చేసిన రోజు నేను కూడా వాళ్ళ గుడికి పోయినాను. ఈ వయసులో ఆ ఎండలో అంత దూరం నడక ఎందుకని కోడలు గొణిగింది. వినిపించుకోలేదు. గుడిలో పాదిరయ్య ఒక కాగితం తీసి ఆమె గురించి చదివినాడు. యాడ పుట్టింది, ఎప్పుడు బాప్తీస్మం తీసుకునింది, పిల్లలెందరు, మనవలెందరు. అటు తిప్పి ఇటు తిప్పేలోపల కాగితం అయిపోయింది. నేను వెనక గోడకు ఆనుకుని కూర్చుని, ఇదంతా ఎవరి గురించబ్బా అనుకున్నాను. ఆయన చదివిన వాటిలో ఒక్కటి కూడా నాకు తెలియదు. నాకు తెలిసినవి ఆయన కాగితంలో లేవు.

అందుకని రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి.

ఆమె పేరు రాయను. ఆమె బతికినన్నాళ్ళూ నేను పేరు పెట్టి పిలిచింది లేదు. ‘ఏమే’ అంటే పలికేది. ఇప్పుడు పేరు రాసి, ఎంతో దగ్గరి మనిషిలాగా చెప్పుకుంటే అది దొంగతనం అవుతుంది.

మా ఊరు కోయిలకుంట్లకు నాలుగు కోసుల దూరం. నల్లరేగడి నేలలు. వాన పడితే జొన్న, పడకుంటే దుమ్ము. దేశానికి స్వతంత్రం వచ్చిన నాలుగైదేండ్ల నాటి మాట ఇది. నేను అప్పటికి ఇద్దరు బిడ్డల తల్లిని. ఇంటి తాళాలు మా అత్త నా చేతికి ఇచ్చి ఏడాది అయింది. నేను చెప్తున్న ఈమె గింజలు చెరగడానికి, శనక్కాయలు వలవడానికి, కొట్టం ఊడవడానికి మా ఇంటికి వచ్చేది. నాకన్నా ఏడెనిమిదేండ్లు పెద్దది. పొట్టి మనిషి. ఎడమకాలు కొంచెం ఈడ్చి నడిచేది. పెరటి దాకానే, ఇంటి లోపలికి వచ్చేది కాదు. మేము రానిచ్చేవాళ్ళం కాదు అని రాయడమే సరి.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏ పని మొదలుపెట్టినా ముందు రెండు అరచేతులూ వెల్లకిలా ఒళ్ళో పెట్టుకుని రెప్పపాటు ఆగేది. పెదాలు కదిలించి ఏదో అనేది. తర్వాత పని. చాట దించి చీపురు అందుకోవాలన్నా మళ్ళీ అదే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇట్ల ఎన్నిసార్లు ఆగుతుందో! ఇది పని ఎగ్గొట్టే ఉపాయమని నేను గట్టిగా అనుకున్నాను. ఒకరోజు కొట్టం స్తంభం చాటున నిలబడి చెవి ఒగ్గినాను.

“తండ్రీ, చాట పట్టుకుంటాండా,” అనింది.

అంతే. ఆ చాటెడు చెరిగింది, కుప్పలో పోసింది. కొంచేపటికి, “తండ్రీ, కసువు ఊడుస్తాండా.” ఊడిచింది. అరుగు మీద కూర్చున్న ముసలాయనకు చూపు ఆనకపోతే ఇంట్లోవాళ్ళు ఏం చేస్తున్నారో చెప్తుంటారే, అట్ల.

నేను చాటు నుంచి బయటికి వచ్చినాను.

“ఏమే, మీ దేవునికి కండ్లు లేవా? నువ్వు చెప్పకుంటే నువ్వేం చేస్తాండావో ఆయనకు తెలీదా?”

ఆమె సిగ్గుపడింది. చెంగుతో మూతి తుడుచుకుంది. “ఆయనకు తెలుసమ్మా. చెప్పకుంటే నాకే తెలీదు.”

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకునే మనిషిని కాను. “మాటలు తగ్గించు, రాళ్ళు మిగిల్తే చూడు,” అన్నాను.

“రాళ్ళు ఒదిలిపెడితే ఆయన పండ్లకే తగుల్తాయమ్మా,” అనింది.

ఆ మాట ఎగతాళో నిజమో నాకు చాలా రోజులు తేలలేదు. మా ఇంట్లో తినేది మేము. ఆమె దేవుడు మా సంగటి ఎందుకు తింటాడు? కానీ ఒకటి రాయాలి. ఆమె చెరిగిన జొన్నల్లో రాయి దొరికేది కాదు. నేను వెతికేదాన్ని. కావాలనే వెతికేదాన్ని.

మధ్యాహ్నం తినేటప్పుడు చూడాలి ఆమెను. ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె ఒకటే ఉంటుంది, దాని మీద ఇంత ఊరిమిండి పచ్చడి. దాన్ని తుంచి, ఆ తుంచిన ముక్కను చూసి, నోట్లో పెట్టుకుని, కండ్లు మూసి నమిలేది. మిగిలినవాళ్ళు తిని చేతులు కడుక్కుని ఆకువక్క కూడా వేసుకునేవాళ్ళు. ఆమె సగంలో ఉండేది. మా అత్తకు అప్పటికే చూపు మందగించింది. పెరటి అరుగు మీద కూర్చుని, “దాని తిండి అయిందా లేదా? దాని రొట్టె అయ్యేలోపల నా మనవరాలికి పెండ్లీడు వచ్చేట్టుండాది,” అనేది. ఆమె నోట్లో ముద్ద పెట్టుకుని నవ్వలేక తంటాలు పడేది.

సాయంత్రం పోయేటప్పుడు నేను, “రేపు రా, శనక్కాయలు వలిచేది ఉండాది,” అంటే అందరిలాగా ‘వస్తా’ అనేది కాదు.

“లేపితే వస్తానమ్మా.”

“లేపితే అంటే ఏందే? నీ మొగుడు లేపుతాడా?”

“పై ఆయన నన్ను లేపుతాడమ్మా. ఈ ఆయనను నేను లేపల్ల.”

ఆమె మొగుడు నిద్రమొద్దు అని ఊరంతటికీ తెలుసు. సన్నటి మనిషి, మంచివాడు, పని మొదలుపెడితే ఇద్దరి పని చేస్తాడు, మొదలుపెట్టించడమే కష్టం. మా అత్త ఆ మాటకు పడి పడి నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది, కానీ పనివాళ్ళ ముందర నవ్వితే రేపు మాట వినరని లోపలికి వచ్చి నవ్వుకున్నాను.

రేపు అనేదాన్ని ఆమె ఎప్పుడూ తన చేతిలో ఉన్నట్టు మాట్లాడేది కాదు. నాది పూర్తిగా వేరే తీరు. నేను రేపటి కోసమే బతికేదాన్ని. చింతపండు వచ్చే ఏటిది ఈ ఏడే కొట్టి దాచేదాన్ని. పాత చీర చింపితే ఏ ముక్క దేనికి పనికొస్తుందో ముందే అనుకునేదాన్ని. వాళ్ళ ప్రార్థనలో ఈ పొద్దు కూటికే అడుక్కుంటారంట, ఆమె చెప్పింది. “అడిగేదేదో ఏడాదికి సరిపడా అడిగితే ఆయనకు రోజూ ఈ పీడ ఉండదు గదా,” అన్నాను. “ఏడాదికి ఇచ్చేస్తే మళ్ళీ ఏడాది దాకా ఆయన మొగం చూస్తానా అమ్మా నేను?” అనింది. చూడు, ఎట్లా జవాబు చెప్తుందో.

ఆదివారం మటుకు వచ్చేది కాదు. పంట మీద ఉన్నా, నేను తిట్టినా, ఆదివారం పొద్దున తెల్లచీర కట్టుకుని గుడికి పోయేది. ఒక ఆదివారం మా పెద్ద బర్రె ఈనలేక పడిపోయింది. దూడ అడ్డం తిరిగింది. మా ఇంటాయన, ఇద్దరు జీతగాళ్ళు, పక్కింటాయన, నలుగురూ చుట్టూ నిలబడి చూడడమే తప్ప ఎవరికీ చెయ్యి రావడం లేదు. బర్రె అరుపు ఊరంతా వినిపిస్తోంది. నేను చేతులు పిసుక్కుంటున్నాను. ఇంటికి పాడి అదే.

పెరటి వాకిలి దగ్గర తెల్లచీర కనిపించింది. కాలు ఈడ్చుకుంటూ పరుగు.

“ఆముదం తెండమ్మా,” అనింది.

చెంగు నడుముకు దోపింది. మోచేతి దాకా ఆముదం పూసుకుంది. అరచేతులు వెల్లకిలా పెట్టి ఆగింది, అప్పుడు కూడా! “తండ్రీ, చెయ్యి పెడతాండా,” అని చెప్పి పెట్టింది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. దూడ కాళ్ళు దొరకబట్టి తిప్పింది. బయటికి వచ్చింది, ఆడదూడ. ఆమె తెల్లచీర చూడడానికి వీలు లేకుండా అయింది.

చేతుల మీద నీళ్ళు పోస్తూ అడిగినాను. “గుడి మధ్యలో లేచి వచ్చినావే, పాపం రాదా?”

“ఆడ కూర్చున్న్యానే గానీ, చెవిలో అంతా ఈ అరుపే. ఆయన ఈడ ఉంటే నేను ఆడ కూర్చోని ఏం చేసేదమ్మా?”

కొత్త చీర కొనివ్వమని మా ఇంటాయన అన్నాడు. నాది ఒక పాతది ఇచ్చినాను. చిరుగు లేనిదే ఇచ్చినాను. ఆమె దాన్ని కండ్లకు అద్దుకుంది.

ఇక పాతర సంగతి.

ఇప్పటి పిల్లలకు పాతర తెలియదు. ఇంటి ముందరో పెరట్లోనో మూడు నిలువుల లోతు గుంత తవ్వుతారు. నోరు ఇరుకు, లోపల కడుపు వెడల్పు. చుట్టూ గడ్డి పరిచి జొన్నలు పోసి, నోటికి బండ వేసి మట్టితో మెత్తుతారు. ఏండ్ల తరబడి గింజ చెడదు. తెరిచేటప్పుడే జాగ్రత్త. లోపల మూసుకుపోయిన గాలి మనిషిని నిలబడ్డ చోటే పడేస్తుంది. అరిచే తీరిక కూడా ఇవ్వదు. అందుకని బండ తీసి ఒక రోజంతా తెరిచి పెడతారు. తర్వాత దీపం తాడుకు కట్టి గింజల దాకా దించుతారు. దీపం నిలిస్తే మనిషి దిగుతాడు. ఆరిపోతే ఇంకా ఆగాలి. పాలు తాగే బిడ్డకు తప్ప మా పక్క అందరికీ తెలిసిన సంగతి ఇది.

వరసగా రెండేండ్లు వాన లేదు. బావులు అడుగంటినాయి. మనుషులు కాలవ కింది ఊర్లకు వలస పోతున్నారు. మా ఇంటాయన పశువుల మేత కోసం బండి కట్టుకుని అటే పోయినాడు, వారం దాకా రాడు. ఇంట్లో గింజలు అయిపోవచ్చినాయి. పెరటి పాతరలో ఉన్నాయి, నాలుగేండ్ల కిందట పోసినవి. నిండా లేవు, అడుగున సగం మేర ఉన్నాయి.

పాతర ఒక పగలూ ఒక రేయీ తెరిచి పెడితే ఊరంతా చూస్తుంది. చూస్తే గిన్నెలు పట్టుకుని వస్తారు. వచ్చినవాళ్ళకు లేదని చెప్పాలి. ఆ చెప్పడం నాకు ఇష్టం లేదు. ఇవ్వడం అంతకన్నా ఇష్టం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. అందుకని తెల్లవారుజామున బండ తీయించి, మధ్యాహ్నానికి గింజలు ఇంట్లో వేసుకుని మళ్ళీ బండ మూసేద్దామని అనుకున్నాను.

దిగడానికి ఆమె మొగుణ్ణి పిలిచినాను. సన్నటి మనిషి కాబట్టి ఇరుకు నోట్లో సులభంగా దిగుతాడు. పాతరలో దిగినవానికి గోడ అంచున ముక్కిన జొన్నలు ఇవ్వడం ఆచారం. కంపు కొడతాయి, కానీ కరువులో అవీ గింజలే. వాళ్ళింట్లో రెండు రోజులుగా పొయ్యి వెలగలేదని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు అతన్ని ఎవరూ లేపే పని లేకపోయింది. నాకన్నా అతనికే తొందరగా ఉంది.

పొద్దు నడినెత్తికి రాకముందే కందీలు వెలిగించి తాడుకు కట్టినాను. నేనే దించినాను. కందీలు కొత్తది. దాని గాజు కోయిలకుంట్లలో తప్ప దొరకదు. పాతర నోరు ఇరుకు కదా, కందీలు ఊగి గోడకు కొట్టుకుంటోంది. గాజు పగిలితే? కిరసనాయిలు ఒలికి గింజల మీద పడితే? సగం దాకా దించి ఆపినాను. మంట నిలబడింది. బాగా నిలబడింది. పైకి లాగేసినాను.

“దిగప్పా,” అన్నాను.

ఆమె కొట్టం పక్కన కూర్చుని చెరుగుతోంది. చాట ఆపింది.

“అమ్మా, గింజల దాకా దించినారా?”

“దించినా.”

“గింజలకు తగిలిందా?”

“తగిలిందంటాండా గదా. ఎన్నితూర్లు చెప్పల్ల నీకు?”

అబద్ధం ఆడే అలవాటు నాకు లేదు. కొలతలో పిడికెడు తక్కువ వేసేదాన్నేమో గానీ, నోటితో అబద్ధం ఆడేదాన్ని కాను. ఆ నిమిషంలో రెండు ఆడినాను. ఒకదాని వెనక ఒకటి.

ఆమె చాట పక్కన పెట్టింది. అరచేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. ఈసారి రెప్పపాటు కాదు, చాలాసేపు. తర్వాత లేచి వచ్చింది. మొగుడు తాడు నడుముకు చుట్టుకుంటున్నాడు. ఆమె అతన్ని దాటి పాతర నోటి దగ్గర కూర్చుంది. రెండు కాళ్ళూ లోపలికి వేలాడేసి, నోటికి అడ్డంగా.

“లెయ్,” అన్నాను.

“లెయ్యనమ్మా.”

అట్లాంటి మాట ఆమె నోటి నుంచి నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

“ఏం? గాలి బాగలేదని మీ దేవుడు వచ్చి చెవిలో చెప్పినాడా?”

“గాలి గురించి ఏం చెప్పలేదమ్మా. ఈడ కూర్చోమన్న్యాడు. కూర్చున్న్యా.”

“లెయ్ మే,” అన్నాడు మొగుడు. “మానం తీస్తాండావు. అమ్మ దించినా అంటాంటే వినపళ్ళేదా? గింజలు ఒద్దా నీకు? పిల్లోళ్ళ మొగం చూసినావా పొద్దున?”

“చూసినా.”

“మరి?”

“నీ మొగం గూడా చూస్తాండా ఇప్పుడు.”

అతను ఆమె రెక్క పట్టి లాగినాడు. ఆమె బండ అంచు పట్టుకుంది. వేళ్ళు తెల్లబడినాయి. ధైర్యంగా కూర్చుందని అనుకోవద్దు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి, నేను చూసినాను. నాకు ఒళ్ళు మండింది. నా మాటకు ఎదురు చెప్పిందని మండింది. అబద్ధం బయట పడుతుందని అంతకన్నా ఎక్కువ మండింది.

“రేపటి నుంచి నా వాకిలి తొక్కద్దు. ఈ ఎండాకాలం యాడ తింటావో, ఏం తింటావో చూస్తా.”

కరువులో ఆ మాట ఎంత పెద్దదో నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఊర్లో ఆ ఏడు కూలికి పిలిచే ఇండ్లు రెండో మూడో.

“మంచిదమ్మా,” అనింది. కదల్లేదు.

అరుగు మీద నుంచి మా అత్త అడిగింది. “ఏందే ఆ రభస? ఇంకోతూరి దీపం దించితే నీ సొమ్మేం పోతాది?”

“దించినా అంటాండా గదా! నా మాట మీద నమ్మకం లేదా మీకు కూడా?”

ఆమె నా వైపు చూడలేదు. “పెద్దమ్మా,” అనింది మా అత్తతో, “కొంచెం ఆముదం పొయ్యండి, తలకు పెట్టుకునేదైనా సరే.”

మా అత్త ఆముదం గిన్నె అట్లే ఇచ్చేసింది. ఆమె కూర్చున్న చోటు నుంచి లేవకుండానే, చెంగు అంచు పంటితో చింపి వత్తి చేసింది. పగిలిన కుండ పెంకు తెప్పించి దాంట్లో నూనె పోసింది. మొగుడు నడుముకు చుట్టుకున్న తాడు అడిగి తీసుకుంది. అతను విసుక్కుంటూనే పెంకును తాడుకు కట్టి, వత్తి అంటించి ఇచ్చినాడు. పెంకు కాబట్టి గోడకు కొట్టుకుంటుందనే భయం లేదు. ఆమె మెల్లగా వదిలింది. అందరం వంగి చూస్తున్నాం.

నేను కందీలు ఆపిన చోటు నాకు తెలుసు. దీపం ఆ చోటికి వచ్చింది, నిలకడగానే ఉంది. దాటింది. ఇంకో జానెడు దిగింది. ఇంకో మూరెడు. మంట పొట్టిదైంది. తర్వాత వత్తి నుంచి విడిపోయినట్టు ఒక్కసారి పైకి లేచి, ఆరిపోయింది.

ఆమె మొగుడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కింద కూలబడినాడు.

“ఏమయింది? నాకు చెప్పండే,” అని మా అత్త అరుస్తోంది.

“ఆరిపోయింది పెద్దమ్మా. ఈ పొద్దు దిగేది లేదు. గాలి పోనీయల్ల,” అనింది ఆమె. తాడు పైకి లాగి చుట్ట చుట్టింది. కాళ్ళు బయటికి తీసుకుంది. లేవబోతే కాలు తిమ్మిరెక్కి పడబోయింది, మొగుడు పట్టుకున్నాడు. అప్పుడు నా మొగం చూస్తుందని నేను ఎదురు చూస్తున్నాను. నలుగురిలో ‘గింజలకు తగిలిందంటిరే అమ్మా’ అంటుందని ఎదురు చూస్తున్నాను. ఆమె కొట్టం దగ్గరికి పోయింది. కూర్చుంది. “తండ్రీ, స్తోత్రం. చాట పట్టుకుంటాండా,” అనింది. చెరగడం మొదలుపెట్టింది.

మరుసటి రోజు పొద్దున పెరటి వాకిలి బయట నిలబడి ఉంది.

“ఏమే, ఆడ ఏం చేస్తాండావు?”

“వాకిలి తొక్కద్దన్న్యారు గదమ్మా. అందుకని ఈడనే నిలబడినా. పిలుస్తారేమోనని.”

“రా,” అన్నాను.

ఆ రోజు వేపకొమ్మలు తాడుకు కట్టి పాతరలో పైకీ కిందికీ ఆడించి గాలి వెళ్ళగొట్టినారు. దీపం గింజల మీద పెట్టినా నిలిచింది. అతను దిగినాడు, గింజలు తీసినాడు. ఊరు చూసింది. గిన్నెలు వచ్చినాయి. అందరికీ ఇచ్చినానని రాయను. కొందరికి ఇచ్చినాను, కొలిచి. ఆమె మొగుడికి ముక్కిన జొన్నలతో పాటు మంచివి కూడా పోసినాను. దానితో ఆ అబద్ధం బరువు పోతుందనుకున్నాను. పోలేదు.

రోజూ వచ్చేది, చెరిగేది, ఊడిచేది, పోయేది. ఆ మాట ఎత్తేది కాదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి తేల్చుకునేదాన్ని. ఎవరి దగ్గరన్నా చెప్పుకుని ఉంటే, నా మీద పుకారు పుట్టించినావని కొట్లాడేదాన్ని. ఏమీ లేదు. నేను ఆమె చేతుల వైపు చూడడం మానుకున్నాను. రాళ్ళ కోసం వెతకడం కూడా మానుకున్నాను.

పాతర తెరిచిన రెండో ఏడు వాన పడింది. జొన్న విరగకాసింది. కళ్ళంలో కంకుల మీద రాతిగుండు తిప్పడం అయిపోయి తూర్పార పట్టాలి. గాలి లేదు. ఆకు కదలడం లేదు. మగవాళ్ళు బండి కింద నీడలో పడుకున్నారు. ఆమె మొగుడు మటుకు కూర్చుని రొట్టె తింటున్నాడు. నంజుకోను ఇంకో ఎర్రగడ్డ ఉందా అని పెద్దగా అడుగుతున్నాడు, ఎవరో ఏదో అంటే తల వెనక్కి వేసి నవ్వుతున్నాడు. ఆ మనిషి నవ్విన ప్రతిసారీ నాకు ఆ గుంత అడుగు కనిపించేది. అప్పటికి రెండేండ్లుగా అట్లే ఉంది నా బతుకు. చేతిలో ఉన్న రొట్టె పక్కన పెట్టేసినాను.

ఆమె గడ్డికుప్పకు ఆనుకుని కూర్చుని ఉంది. దగ్గరికి పోయినాను.

“ఏమే.”

“అమ్మా.”

“ఆ పొద్దు కందీలు నేను గింజల దాకా దించలేదు. సగమే దించినా.”

“తెలుసమ్మా.”

ఆమె పక్కనే, గడ్డి మీదనే కూర్చున్నాను.

“ఎట్ల తెలుసు?”

“మీ చేతులు చూస్తానే ఉంటి గదమ్మా. ఎంత తాడు పోయిందో తెలీదా? బావిలో నీళ్ళు చేదేదాన్ని.”

“మరి నలుగురిలో ఏంటికి అనలేదు?”

“నోటి దాకా వచ్చిందమ్మా.” ఆమె గడ్డిపోచ ఒకటి తుంచి వేలికి చుట్టుకుంటూ చెప్పింది. “శానా కోపం వచ్చింది. మిమ్మల్నే దాంట్లోకి తోసేద్దామన్నంత కోపం. చెడ్డ కోపం. అందుకే చాట కాడికి పోయి కూర్చున్న్యా. ‘తండ్రీ, కోపంగా ఉండా’ అని చెప్పినా. చెరిగినా. మళ్ళా చెప్పినా. ఆ పొద్దు జొన్నల్లో రాళ్ళు మిగిలింటే అందుకేనమ్మా, మన్నించల్ల.”

నాకు ఏడుపు వచ్చిందని రాస్తే మా ఇంట్లోవాళ్ళు నమ్మరు. రాయను.

“ఆ కోపం పోయిందా?” అని అడిగినాను.

“యాడ పోతాదమ్మా అంత తొందరగా? మరుసటి రోజు వాకిలి కాడ నిలబడినప్పుడు గూడా ఉండె. మీరు జొన్నలు పోసినప్పుడు ఇంకా ఎక్కువయ్యె. పోతాది, వస్తాది. వచ్చినప్పుడంతా ఆయనకు చెప్తా.”

“ఇప్పుడు?”

“ఇప్పుడా?”

“ఇప్పుడు ఉందా లేదా, చెప్పు.”

నేను అట్ల అడగడం నా జన్మలో మొదటిసారి. ఏదైనా వచ్చే ఏటికి ఎట్లుంటుందో లెక్క వేసుకునేదాన్ని గానీ, ఈ నిమిషానికి ఏముందో ఎవరినీ అడిగింది లేదు. ఆమె ఊరకే ‘లేదమ్మా’ అనేయలేదు. అట్ల అని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

“చూడనీండమ్మా,” అనింది.

కండ్లు మూసుకుంది. లోపల ఏదో గదిలోకి పోయి మూల మూలా వెతుకుతున్నట్టు మొగం పెట్టింది. బండి కింద ఎవరో గురక పెడుతున్నారు. ఆమె మొగుడు నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నాడు. నేను కూర్చునే ఉన్నాను. ఎవరి వాకిట్లోనూ అట్ల ఎదురు చూసింది లేదు నేను.

అంతలో నా చెవి పక్కన చల్లగా తగిలింది. కళ్ళంలో పొట్టు కదిలింది. ఆమె కండ్లు తెరిచింది.

“ఇప్పుడు లేదమ్మా,” అనింది. వెంటనే లేచి నిలబడి, “గాలొచ్చె, గాలొచ్చె! లెయ్యండప్పా, నిద్రపోయింది చాలు!” అని బండి వైపు కేక వేసింది.

రేపు ఉండదని ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు. లేచి, కొంగు బిగించుకుని, జొన్నల గంప ఒక పక్క పట్టుకున్నాను. రెండో పక్క ఆమె పట్టుకుంది.